వెలిసిన స్వామి, వెలిసిపోయిన ట్యాంకు

నాన్నగారి పాత బండికి రంగు వేయిద్దామని పోయిన వారం రావులపాలెంలో ఒక పెయింటరు దగ్గరికి తీసుకెళ్లానండి. పేరుకి ఎర్ర బండి. ట్యాంకు పైభాగం మాత్రం నానబెట్టిన ఇటుకలా తయారైంది, ఎందుకంటే మా ఇంటి ముందు కొబ్బరిచెట్ల నీడ పొద్దున్నే ఉండి మధ్యాహ్నానికి పక్కింటి వాళ్లకి వెళ్లిపోతుంది. ట్యాంకు మీద ఎప్పుడో తీర్థానికి వెళ్లినప్పుడు నాన్నగారు అంటించిన అంతర్వేది నరసింహస్వామి స్టిక్కరుంది. పెయింటరు వేడినీళ్లలో ముంచిన గుడ్డ దాని మీద కాసేపు వేసి, అంచు పట్టుకుని మెల్లగా లాగితే కింద షోరూంలో కొన్ననాటి ఎరుపు అచ్చం అలాగే ఉంది. ఆయన నవ్వి అన్నాడు: “చూశారాండి, స్వామి వెలిసిన చోట రంగు వెలిసిపోలేదు.”

అప్పట్నుంచీ ఈ మాట నన్ను వదలట్లేదు. దేవుడు వెలిస్తే కనపడటం, రంగు వెలిస్తే కనపడకుండా పోవడం. ఇంకా వాన వెలిసింది అంటాం, అక్కడ ఆగిపోవడం. ఇవన్నీ ఒకే మాటా? తెలిసినవాళ్లు చెప్పండి. అలాగే ఏ రంగు వేయించమంటారో కూడా చెప్పండి, ఈ గ్రూపు సభ్యులు తిట్టుకోకపోతే.

—

పాలకొల్లు నుంచి:

బాబూ, రెండు క్రియలు ఒక మాటలా వినపడుతున్నాయి, అంతే. దేవుడిది ‘వెలయు’, అంటే ప్రకాశించు, కనిపించు. రంగుదీ వానదీ ‘వెలియు’. గుడి బోర్డులు చూడండి, ‘స్వయంభువుగా వెలసిన’ అని రాస్తారు, లకి తలకట్టు ఉంటుంది. నోటితో అనేటప్పుడు మనమే ‘వెలిసిన’ అనేస్తాం, పక్క అచ్చుని బట్టి అచ్చు మారడం తెలుగుకి అలవాటు. అలా రెండూ కలిసిపోయాయి. నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను, పిల్లలు ‘వెలిసిన’ అని రాస్తే మొదట్లో దిద్దేవాణ్ని, తర్వాత మానేశాను.

—

రాజోలు నుంచి:

మాస్టారూ, రెండూ వేరే అంటే నాకు సగమే నమ్మకం. వెల్ల, వెలుగు, వెలవెలబోవడం, వెలి, వెలుపల, వెలివేయడం, అన్నీ ఒక కుటుంబంలా లేవూ? తమిళంలో రంగు పోయిన చీరని ‘వెళుత్తుప్పోచ్చు’ అంటారు, తెల్లబడిపోయిందని. అదే తమిళంలో ‘వెళి’ అంటే బయట. రంగు పోతే తెల్లబడుతుంది, మబ్బు పోతే ఆకాశం తెల్లబడుతుంది, దేవుడు బయటపడితే వెలుగొస్తుంది. మధ్యలో ఏదో ఒక తీగ ఉంది.

—

పాలకొల్లు నుంచి:

ఉండొచ్చు బాబూ, కానీ వినడానికి దగ్గరగా ఉన్నవన్నీ చుట్టాలనుకుంటే పెళ్లి భోజనాల్లో ఎవరికి పడితే వాళ్లకి విస్తరేయాల్సొస్తుంది. వెలియు, వెల్ల దగ్గరివాళ్లంటే ఒప్పుకుంటాను. ‘వెలి’ గురించి మాత్రం తొందరపడను. వాన సంగతి ఇంకొకటుంది, ‘తెరిపిచ్చింది’కీ ‘వెలిసింది’కీ తేడా. తెరిపి అంటే కాసేపు ఆగడం, పరుగెత్తుకెళ్లి కూరలు తెచ్చుకోవచ్చు. వెలిస్తే ఇక అయిపోయింది, గొడుగు మూసేయొచ్చు. ఇప్పుడు టీవీలో రెంటికీ కలిపి ‘వర్షం తగ్గుముఖం పట్టింది’ అంటున్నారు.

—

కాకినాడ నుంచి:

ఆయ్, నేను డెంటింగ్ పెయింటింగ్ షెడ్డులో పెరిగినోణ్ణి, మా మావయ్యది. ధాతువులు నాకు తెలీవు గానీ షెడ్డులో మాటలు వింటే మీకు సరదాగా ఉంటుంది. కస్టమరొచ్చి ‘రంగు ఫేడైందండి’ అంటే మావయ్య పట్టించుకోడు, బండి దగ్గరికెళ్లి తనే పేరు పెడతాడు. ‘మాసింది’ అంటే కడిగితే పోతుంది. ‘మసకేసింది’ అంటే పైన క్లియర్ కోటింగ్, అంటే రంగు మీద వేసే పారదర్శక పూత, సన్నగా గీతలు పడి మెరుపు తగ్గింది, రబ్బింగ్, పాలిష్‌తో తిరిగొస్తుంది. ‘వెలిసింది’ అంటే లోపలి రంగే పోయింది, ఏ పాలిషూ తేలేదు. ‘పెచ్చులూడుతోంది’ అంటే క్లియర్ పైకి లేచిపోయింది, రేకు దాకా గీకి, సొట్టలుంటే లప్పం పెట్టి, ప్రైమర్ నుంచి మొదలెట్టాలి. నాలుగు మాటలు, నాలుగు రేట్లు. ‘ఫేడ్’ అని ఒక్క మాట అంటే ఏ రేటు చెప్పాలో తెలీదు కదండీ.

ఇక ఎరుపు. ఎర్ర పెయింట్లలో వాడే చాలా పిగ్మెంట్లు, అంటే రంగునిచ్చే పొడులు, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలకి తొందరగా విరిగిపోతాయి. నలుపుకి వాడేది కార్బన్ మసి, తెలుపుకి టైటానియం డయాక్సైడ్, రెండూ ఎండకి గట్టివి. అలాగని నలుపు తీసుకోమని చెప్పను, మన రోడ్ల మీద దుమ్ము మొత్తం దాని మీదే కనపడుతుంది, పొడిగుడ్డతో తుడిచారంటే సాలెగూడులా గీతలు. వెండి, బూడిద రంగులు మురికిని బాగా దాస్తాయి, కానీ మెటాలిక్‌లో అల్యూమినియం పొలుసులుంటాయి, ఒక మూల టచప్ చేస్తే పక్కదాంతో కలవదు. మెరుపు లేని మ్యాట్ పెయింటు అయితే వ్యాక్స్ రాయకండి, రాసిన చోటల్లా మెరిసి మచ్చలు తేలతాయి.

—

భీమవరం నుంచి:

కాకినాడ తమ్ముడూ, ఉప్పు సంగతి మర్చిపోయావు. మా వైపు చేపల లారీలు ఉప్పటి ఐసు నీళ్లు కార్చుకుంటూ పోతుంటే వెనక బండి మీద మనం. చిన్న గీత పడినా చాలు, అక్కడ తుప్పు మొదలై పెయింటు కింద నుంచి పొక్కులు లేస్తుంది. ఇంకోటి, బోరు నీళ్లతో ఎండలో కడిగితే ఆరేలోపు తెల్లమచ్చలు కట్టేస్తాయి. నీడలో కడగాలి, ట్యాంకు చల్లారాక, ముందు నీళ్లు పోసి దుమ్ము జారాక గుడ్డ పెట్టాలి. పిట్ట రెట్ట పడితే ఆ రోజే నానబెట్టి తుడిచేయాలి, పెట్రోలు ఒలికినా అంతే. గిన్నెల సబ్బు వాడకండి, ఉన్న వ్యాక్స్ కాస్తా తీసేస్తుంది. చిన్నప్పుడు కాలవ రేవులో బండి దింపి కడిగేవాళ్లం, ఆ ముచ్చట వేరు, ఆ ఇసక గీతలు వేరు.

—

మళ్లీ నేనే:

మాస్టారికీ, అందరికీ దండాలు. మాట సంగతి ఇంకా తేలలేదు, రంగు సంగతి మాత్రం ఇంట్లో తేలింది. నేను మిలటరీ పచ్చ వేయిద్దామనుకున్నా, ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ వాళ్ల బండ్లకే అని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉందట, పెయింటరు ముందే చెయ్యూపాడు. వంగపండు రంగు అంటే అమ్మ మొహం చూడాలి. ఏ కొత్త రంగు వేసినా ఆర్సీలో కూడా మార్పించుకోవాలి, అదో తిరుగుడు. నాన్నగారు కుర్చీలోంచి లేవకుండానే ‘ఎరుపే’ అన్నారు. వెలిసిపోతుంది నాన్నా అంటే ‘నేనూ వెలిశాను కదరా, నన్ను మార్చావా’ అన్నారు. మాస్టారూ, ఇది వెలయు కాదు, వెలియు అనే అనుకుంటున్నాను.

కాబట్టి ఎరుపే, పైన మంచి క్లియర్ రెండు కోటింగులు, ఎండలోకి కవరు. రంగు బాగా గట్టిపడేదాకా ఒక నెల స్టిక్కరు అంటించొద్దని పెయింటరు మరీ మరీ చెప్పాడు. నాన్నగారు అప్పుడే పంచాంగం తీసి నెల దాటాక మంచిరోజెప్పుడో చూస్తున్నారు.