గడులు గీసి బొమ్మ దించడం: పిల్లల చూపుకు మేలా, కీడా?

కాలువగట్టు (అమలాపురం దగ్గరి పల్లె)

మొన్న ఆదివారం మా మేనకోడలు తాను వేసిన బొమ్మ తెచ్చి చూపించింది. దానికి తొమ్మిదేళ్లు. కేలండరులోని వేంకటేశ్వరస్వామి బొమ్మ మీద స్కేలుతో గడులు గీసి, డ్రాయింగు షీటు మీద కూడా అన్నే గడులు గీసి, ఒక్కో గడిలోని గీతను ఇటు దించుకుంటూ వచ్చింది. కిరీటం నుంచి పాదాల వరకు చక్కగా కుదిరింది. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. ఆ తర్వాత "అరుగు మీద బిందె ఉంది చూడు, దాన్ని గీయి తల్లీ" అన్నాను. చాలాసేపు బిందె వంక చూసి, "దాని మీద గడులు లేవు కదా మావయ్యా, ఎలా గీయను?" అని అడిగింది.

ఆ మాట వారం నుంచి నన్ను వదలడం లేదు. పదేళ్లలోపు పిల్లలకు గడుల పద్ధతి నేర్పడం కీడే అని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి.

నేను పెన్సిల్ పట్టింది నలభై దాటాక. రెండేళ్లు గడుల మీదే గీశాను. మా నాన్నగారి ఫొటో దించాను, దేవుళ్లను దించాను. అందరూ బాగున్నాయన్నారు. కానీ కాలువ గట్టున కూర్చుని ఎదుటి కొబ్బరిచెట్టు గీయబోతే గుంజకు చీపురు కట్టినట్టు వచ్చేది. ఎన్నిసార్లు గీసినా మధ్యలో ఒక కాడ, అటూ ఇటూ ఆకులు. కొబ్బరి మట్ట ఎలా ఉంటుందో నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఆ తెలిసిందే గీస్తున్నాను. పక్కకు వాలిన మట్ట బారెడు కనిపిస్తుంది, నేరుగా నావైపు వంగిన మట్ట జానెడు కూడా కనిపించదు. నేను మాత్రం రెండింటినీ ఒకే పొడవున గీసేవాణ్ణి.

ఒక సాయంత్రం మబ్బు వెనుక నుంచి వెలుతురు వచ్చి మట్టలన్నీ నల్లబడ్డాయి. విసుగు పుట్టి మట్టల్ని వదిలేశాను. వాటి మధ్య ఇరుక్కున్న ఆకాశపు ముక్కల్ని గీయడం మొదలుపెట్టాను. ఒకటి ముక్కోణం, ఒకటి పడవ ముక్కు, మరొకటి చేప తోక. ఆకాశపు ముక్క ఎలా ఉంటుందో ముందుగా నాకేమీ తెలియదు. తెలియదు కాబట్టి చూడక తప్పలేదు. ఇరవై ముప్పై ముక్కలు అయ్యాక తల వెనక్కి తీసి చూస్తే కాగితం మీద కొబ్బరిచెట్టు నిలబడి ఉంది. నేను దాన్ని గీయనే లేదు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోది కోతలైపోయిన చేలో జరిగింది. మన నేల బల్లపరుపు. చేలో నిలబడి చూస్తే దగ్గరి మనిషి కళ్లు, వందగజాల అవతలి మనిషి కళ్లు, ఎక్కడో చివర ఉన్న మనిషి కళ్లు, అన్నీ నేలా నింగీ కలిసే ఒకే గీత మీద ఉన్నాయి. కాళ్లు మాత్రం దూరం పెరిగిన కొద్దీ పైకి జరుగుతున్నాయి. నేను చతికిలబడి కూర్చోగానే ఆ గీత అందరికీ మొల కిందికి దిగిపోయింది. క్షితిజం అక్కడెక్కడో ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లూ. అది నా కంటి ఎత్తులో ఉంటుంది, నాతో లేస్తుంది, నాతో కూర్చుంటుంది.

ఇలాంటి క్షణాలు పిల్లలకు రాకుండా గడులు అడ్డు పడుతున్నాయి. బొమ్మ వస్తుంది, చూపు రాదు. ఒప్పుకోనివారు చెప్పండి.

డ్రాయింగు మాస్టారు (కొత్తపేట)

నేను ఒప్పుకోను. హైస్కూల్లో ఇరవై ఆరేళ్లుగా డ్రాయింగు చెబుతున్నాను, గడులతోనే మొదలుపెడతాను.

ఆరో తరగతికి వచ్చేసరికే సగం మంది పిల్లలు "నాకు బొమ్మలు రావండి" అని తేల్చుకుని వస్తారు. ఆ వయసులో వారికి కావలసింది తమ చేత్తో ఒక్క బొమ్మ కుదరడం. కుదిరితే రెండోది వేస్తారు. కుదరకపోతే పెన్సిల్ పక్కన పెడతారు, మళ్లీ ముట్టరు. మీ ఆకాశపు ముక్కల దాకా వచ్చేవారు యాభై మందిలో ఎందరో మీరే ఆలోచించండి.

ఇంకొక మాట. రెండేళ్లు గడుల మీద చేయి తిప్పారు కాబట్టే ఆ సాయంత్రం చేప తోక లాంటి ఆకాశాన్ని ఉన్నది ఉన్నట్టు దించగలిగారు. గడిలో ముక్కు ఉండదు, కన్ను ఉండదు. ఒక వంకర గీత మూలకు ఎంత దూరంలో మొదలై ఎక్కడ తెగుతుందన్నదే ఉంటుంది. అదీ పేరు లేని ఆకారమే, మీ ఆకాశపు ముక్కలాగా. మీకు కనువిప్పు కలిగించినది ఏదో దాన్నే మీరు నిందిస్తున్నారు.

ఇటలీ పండితుడు అల్బెర్టి 1435లోనే చిత్రలేఖనం మీద రాసిన గ్రంథంలో సన్నని దారాలతో గళ్లు కట్టిన తెరను వాడమని చిత్రకారులకు చెప్పాడు. అయిదారు వందల ఏళ్లుగా నిలిచిన పనిముట్టును కీడు అనడానికి ఇంకా గట్టి కారణం చూపించాలి.

రంగులబ్బాయి (రావులపాలెం)

మాస్టారి మాటే నా మాట. మా నాన్నా నేనూ బోర్డులు రాసి బతికినవాళ్లం. ఫ్లెక్సీలు రాక ముందు ఇరవై అడుగుల సినిమా బోర్డు మీద హీరో ముఖం వేయాలంటే గడులే దిక్కు. దారానికి నీలం రాసి, ఇద్దరం రెండు చివర్లా పట్టుకుని, లాగి వదిలితే గీత పడేది. నిచ్చెన మీద ఉన్నవాడికి ముఖం కనిపించదు. కంటిపాప ఒక్కటే పళ్లెమంత ఉంటుంది. ఎక్కడున్నామో చెప్పేది గడి ఒక్కటే. ప్రాచీన ఈజిప్టు చిత్రకారులు కూడా గోడ మీద గడులు వేసుకుని, నిలబడిన మనిషిని అరికాలి నుంచి నుదుటి మీది జుట్టు అంచు వరకు పద్దెనిమిది గడుల్లో కొలిచేవారని చదివాను. వారికి చూపు లేదందామా?

పది పన్నెండేళ్ల పని తర్వాత నాకు గోడ మీద గీతలు లేకపోయినా గడులు కనిపించేవి. ఆ కళ్లు నాకు గడులే ఇచ్చాయి. అన్నం పెట్టినదాన్ని కీడు అన్నారు, ఆ మాట నాకు నొప్పి కలిగించింది.

పెన్సిల్ పొట్టు (కాకినాడ, మనస్తత్వశాస్త్రం విద్యార్థిని)

కాలువగట్టు గారు చెప్పిన "తెలిసిందే గీయడం" అనేది ఆయన ఒక్కరి లోపం కాదు. రాబర్ట్ థౌలెస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1931లో దీన్ని కొలిచి చూపించారు. గుండ్రటి బిళ్లను వాలుగా కనిపించేలా పెట్టి, కనిపించిన ఆకారాన్నే చెప్పమంటే, కంటికి అందిన దానికన్నా ఎక్కువ గుండ్రంగా ఉన్నదాన్నే జనం చూపించారు. మెదడు మనకోసం సర్దుబాటు చేసి పెడుతుంది. దారిలో నడవడానికి అది మేలే. గీయబోయేటప్పుడే అడ్డం వస్తుంది.

స్టీలు గ్లాసును బల్ల మీద పెట్టి గీసి చూడండి. మూతిని దాదాపు పూర్తి గుండ్రంగా గీస్తాం, అడుగును తిన్నటి గీతగా గీస్తాం. పైనుంచి చూస్తున్నప్పుడు నిజానికి అడుగు అంచే మూతికన్నా ఎక్కువ వంపు తిరిగి కనిపిస్తుంది, ఎందుకంటే అది కంటిమట్టానికి ఇంకా కిందికి ఉంది. నేను ఇది కనిపెట్టిన రోజు ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ తీసి వరసగా పెట్టి మా అమ్మను పిలిచాను.

గడులు లేకుండా ఆ సర్దుబాటును ఆపే దారి ఇంకొకటి ఉంది. బొమ్మను తలకిందులుగా పెట్టి చూసి గీయడం. ముఖమని గుర్తు పట్టలేని చోట మెదడు తన మాట చెప్పలేదు. అమెరికాలో బెట్టీ ఎడ్వర్డ్స్ 1979లో తెచ్చిన పుస్తకంతో ఈ అభ్యాసం బాగా వ్యాపించింది. దానికి ఆమె చెప్పిన కుడి మెదడు, ఎడమ మెదడు కారణాన్ని మాత్రం నేను ఒప్పుకోను. బొమ్మ గీసేటప్పుడు రెండు వైపులూ పని చేస్తాయి. అభ్యాసం మంచిది, వివరణ సరిపోదు.

పుష్కరాల రేవు (రాజమండ్రి)

మీరందరూ ఒక విషయాన్ని అడగకుండానే ఒప్పేసుకున్నారు. కంటికి కనిపించినట్టు గీయడమే గీయడమా? మన శిల్పి తాళమానంతో, అంటే ముఖం పొడవును కొలతగా పెట్టుకునే లెక్కతో, కొలిచి విగ్రహం చెక్కాడు. ఎదుట ఎవరినీ నిలబెట్టుకోలేదు. కామసూత్రాలకు యశోధరుడు రాసిన వ్యాఖ్యలో చిత్రానికి ఆరు అంగాలు చెప్పాడు: రూపభేదం (ఆకారాల తేడా), ప్రమాణం (కొలత), భావం, లావణ్యయోజనం (అందం కూర్చడం), సాదృశ్యం (పోలిక), వర్ణికాభంగం (రంగుల వాడకం). మాస్టారి గడులు ప్రమాణంలో చేరతాయి, కాలువగట్టు గారి చూపు సాదృశ్యంలో చేరుతుంది. భావం, లావణ్యం సంగతి ఈ చర్చలో ఎవరూ ఎత్తలేదు.

మా ఊళ్లో దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. ఆయన 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిది నిండకుండానే పోయారు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయిలోని జేజే చిత్రకళా పాఠశాలకు వెళ్లి, మనుషులను ఎదుట నిలబెట్టుకుని గీయడం నేర్చుకున్నారు. అయినా ఆ చిత్రాల ముందు నిలబడితే నాకు కొలత కనిపించదు, గీతలోని లయ కనిపిస్తుంది. మీ గోదావరి ఒడ్డునే, నరసాపురంలో 1933లో పుట్టిన బాపు చదివింది న్యాయశాస్త్రం. ఆ బొమ్మల్లోని కళ్లు ఏ మనిషి ముఖంలోనూ అంత పెద్దవిగా ఉండవు, అయినా ఆ ముఖాలు మనకు తెలుసు. ఆ బిడ్డ కేలండరు దేవుణ్ణి ఇష్టంగా దించుకుంటే దించుకోనివ్వండి. పెద్దవారి గీత వెంట చేయి నడవడమూ ఒక చదువే.

క్రోషా సూది (నరసాపురం వైపు)

నాకు బొమ్మలు వేయడం రాదు. ముప్పై ఏళ్లుగా లేసు అల్లుతున్నాను. చదువుతూ ఉంటే ఒక మాట చెప్పాలనిపించింది.

గళ్ల లేసులో నెమలి వేయాలంటే మేము నెమలిని అల్లం. ఈ వరసలో నాలుగు గళ్లు నిండు, మూడు ఖాళీ, మళ్లీ రెండు నిండు అని లెక్క పెట్టుకుంటాం. చేతిలో ఉన్నంతసేపూ అది నెమలి అని అనిపించదు. ఒక గడి తప్పితే పది వరసలు అయ్యాక మెడ వంకర పోతుంది, అప్పుడు మొత్తం విప్పాలి. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు "దారం వంక చూడకమ్మా, కన్నం వంక చూడు" అనేవారు. నాకు చాలా రోజులు అర్థం కాలేదు. అర్థమైన రోజు నుంచి లెక్క తప్పడం తగ్గింది. కాలువగట్టు గారి ఆకాశపు ముక్కలు చదివినప్పుడు నాకు ఆ రోజు గుర్తొచ్చింది.

మాకు గడులూ కన్నాలూ వేరు వేరు కావండి. మీరు ఎందుకు విడదీస్తున్నారో నాకు తెలియలేదు.

కాలువగట్టు

అమ్మా, మీ అత్తగారి మాట నా పుస్తకంలో రాసిపెట్టుకున్నాను.

రంగులబ్బాయి తమ్ముడూ, కీడు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిచ్చెన మీద నిలబడి గీయవలసిన మనిషి సంగతి నేను ఆలోచించలేదు. మాస్టారూ, నా చేయి గడుల వల్లే తయారైందన్నారు, అది కొంతవరకు నిజమే. కానీ మీరు చెప్పిన అల్బెర్టి దగ్గరే నేను ఆగిపోయాను. ఆయన దారాల తెర ఫొటో మీద పరచలేదు. మనిషికీ, ఎదుట ఉన్న వస్తువుకూ మధ్య నిలబెట్టాడు. ఆ తెరలోంచి చూసేవాడు నిజమైన వస్తువునే చూడాలి, తల కదపకుండా చూడాలి. కేలండరు మీద గడులు కొట్టే పిల్లకు ఆ పని లేదు. లోతున్న వస్తువును చదును చేసే కష్టమంతా ఆ కేలండరు బొమ్మ వేసినాయన ముందే పడ్డాడు. మా పిల్లకు అందకుండా పోయింది ఆ కష్టమే.

నిన్న ఒక పని చేశాను. మాది పాత పెంకుటిల్లు. అరుగు వైపు కిటికీకి నిలువు ఊచలు, అడ్డ పట్టీలు ఉన్నాయి, గళ్లు గళ్లుగా. బిందెను అరుగు మీద ఉంచి, పిల్లను లోపల పీట మీద కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకోమన్నాను. రెండు నిమిషాలు కాలేదు, "మావయ్యా, నేను కదిలితే బిందె ఇంకో గడిలోకి పోతోంది!" అని అరిచింది. తల అటూ ఇటూ ఊపి బిందెను గడులన్నీ తిప్పింది. చాలాసేపు అదే ఆట. తర్వాత గడ్డం కిటికీ చెక్కకు ఆనించుకుని, కదలకుండా గీసింది. మూతి ఒక గడి వెడల్పు, పావు గడి ఎత్తు వచ్చింది. "నిజంగా గుండ్రంగా లేదు" అని తనే చెప్పింది. బొమ్మ వంకరగానే ఉంది, ఒక పక్క బుగ్గ జారింది. ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు. దాన్ని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

రాజమండ్రి వారికి: భావం, లావణ్యం నాకు ఇంకా అందలేదు, వాదించను. బాపు గీతకు నేనూ దాసుణ్ణే. అయితే కన్నును అంత పెద్దది చేయాలని నిర్ణయించుకున్న చేతికి, అసలు కన్ను ఎంత ఉంటుందో తెలుసుననే నేను అనుకుంటాను.

పుష్కరాల రేవు

ఆ చివరి మాట ఒప్పుకోను. తెలిసి విడిచిపెట్టడం ఒక దారి, ఎన్నడూ ఆ వైపు వెళ్లకపోవడం ఇంకొక దారి. కలంకారీ గుడ్డ మీద కలం పట్టేవారు ఏ కిటికీలోంచి చూశారు? దీన్ని వేరే చర్చగా మొదలుపెడతాను.

డ్రాయింగు మాస్టారు

కాలువగట్టు గారూ, కేలండరు గడులను నేను మాననండీ, నా యాభై మందికి అవి కావాలి. కానీ తెర విషయం మీరు చెప్పింది సరైనదే. ఇన్నేళ్లూ అల్బెర్టి పేరు తరగతిలో చెబుతూ వచ్చానే గాని, పిల్లల ముందు ఒక్కసారీ తెర నిలబెట్టలేదు. మా బడి కిటికీలకు నిలువు ఊచలే ఉన్నాయి. అడ్డంగా కొబ్బరితాడు కట్టిస్తాను. పీట ఎంత దూరంలో వేశారు? గడి ఎంత ఉంది?

కాలువగట్టు

కంటికీ ఊచలకూ మూర దూరం, ఊచలకూ బిందెకూ జానెడు. గడి అయిదు అంగుళాలు. పిల్లకు పెద్దదైంది, మూతి దగ్గర అంచనాతోనే గీసింది. ఇంకా చిన్న గడి ఉంటే బాగుండేది.

క్రోషా సూది

కొబ్బరితాడు లావుగా ఉంటుంది మాస్టారూ, బిందె సగం దాని వెనకే పోతుంది. తెల్ల దారంతో గళ్ల తెర నేను అల్లి పంపిస్తాను. గంజి పెట్టి చెక్క చట్రానికి బిగిస్తే సడలదు. గడి అంగుళం చాలా? అడ్డం పన్నెండు, నిలువు పదహారు అనుకుంటున్నాను. చట్రం కొలత చెబితే రేపే దారం ఎక్కిస్తాను.