మీట నొక్కుతామా, మీటుతామా?

అందరికీ నమస్కారం. ఎలక్ట్రికల్ పాఠాలు తెలుగులో రాస్తూ పుష్ బటన్ స్విచ్ దగ్గర ఆగిపోయాను. పత్రికల్లో ‘మీట నొక్కి’ అని రాస్తుంటారు. ‘మీట’ సరిపోతుందా?

జవాబు: ‘మీట నొక్కి’ అని చదివినప్పుడల్లా నాకు పంటి కింద రాయి తగిలినట్టుంటుందండీ. వీణ తీగ మీటుతాం, డబ్బా మూతని చెంచా కాడతో మీటి తీస్తాం. పైకీ కిందకీ ఆడే పిడి ఉన్న పాతకాలపు గోడ స్విచ్‌ని మీట అనండి, ఒప్పుకుంటా. పుష్ బటన్ అలా కాదు. నొక్కితే లోపలికి పోయి రెండు రేకుల్ని కలుపుతుంది, వేలు తీయగానే స్ప్రింగు దాన్ని వెనక్కి నెట్టేస్తుంది. ఈవీఎం మీద అభ్యర్థి పేరు పక్కనుండే నీలం బటన్‌ని ఎవరైనా మీటుతారా?

పేరు సంగతి అలా ఉంచితే, క్రియల్లో తెలుగువాళ్లు ఎప్పుడో తేల్చేశారు. లైటు ‘వేస్తాం’, ఫ్యాను ‘వేస్తాం’. కాలింగ్ బెల్ మాత్రం వేయం, ‘కొడతాం’ లేదా ‘నొక్కుతాం’. వేసింది అలాగే ఉంటుంది, నొక్కింది వదిలితే పోతుంది.

ఇంకొకరు: బాగానే ఉంది గానీ అన్నా, మా ఊళ్లో ‘మోటారు వేసి రా’ అంటారు. స్టార్టర్‌కి ఉన్నవి పుష్ బటన్లే కదా! పచ్చది, ఎర్రది.

జవాబు: దెబ్బ కొట్టావు తమ్ముడూ! అయితే అక్కడే తమాషా ఉంది. పచ్చ బటన్ నొక్కగానే లోపల కాయిల్‌కి కరెంటు అంది, కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్) ‘టక్’మని అతుక్కుంటుంది. దాంతోపాటే ఇంకో చిన్న కాంటాక్టు కలిసి, వేలు తీసినా కాయిల్‌కి కరెంటు అందిస్తూనే ఉంటుంది. బటన్ వెనక్కి వచ్చినా మోటారు ఆగదు, అందుకే ‘వేసి’ రావడం. ఎర్రది నొక్కితే ఆ దారి తెగి అన్నీ ఊడిపోతాయి. కరెంటు పోయినా అంతే, తిరిగి వచ్చాక మోటారు దానంతటది తిరగదు. కరెంటు రాగానే మోటారుని తనే వేసే ఆటో స్టార్టర్ లేకపోతే అర్ధరాత్రయినా టార్చి పట్టుకుని చేనికి పోవాల్సిందే. అంటే మన మాట బటన్‌ని చూడలేదు, మోటారుని చూసింది.

అడిగినవారు: చాలా థాంక్సండీ. ‘నొక్కుడు స్విచ్’ అని రాసి, పక్కన ‘పుష్ బటన్’ కూడా ఉంచుతాను. మరి ‘నార్మల్లీ ఓపెన్’, ‘నార్మల్లీ క్లోజ్డ్’ ఎలా రాయాలి?

జవాబు: ‘నొక్కితే కలిసేది’, ‘నొక్కితే విడిపోయేది’. బెల్లు మొదటి రకం, స్టార్టర్ ఎర్ర బటన్ రెండోది. పిల్లలకి రెండోది చూపించాలంటే ఫ్రిజ్ తలుపు తీయించండి. తలుపు వెనక చిన్న నొక్కుడు బటన్ ఉంటే (కొత్తవాటిలో అయస్కాంతం పెడుతున్నారు) దాన్ని వేలితో నొక్కమనండి, దీపం ఆరిపోతుంది. ‘ఫ్రిజ్ మూశాక లోపల లైటు వెలుగుతుందా?’ అన్న ప్రశ్నకి మా ఇంట్లో జవాబు దొరికింది అలాగే.