తిరుపతి చుట్టుపక్కల చూడదగిన జలాశయాలు ఏవి? డిసెంబరులో ఒక్క పగటి ప్రయాణానికి సలహా కావాలి

ప్రశ్న (తిరుపతి నుంచి)

డిసెంబరు రెండో వారంలో మా అక్క, బావగారు పిల్లలతో కరీంనగర్ నుంచి శ్రీవారి దర్శనానికి వస్తున్నారు. దర్శనం మరునాడు ఒక పగలంతా మాకు తీరిక ఉంటుంది. దిగువ మానేరు కట్ట మీద ఆడుకుంటూ పెరిగిన పిల్లలు కావడంతో, "మీ దగ్గర డ్యాం లేదా మామయ్యా?" అని ఫోనులో ఇప్పటికే రెండుసార్లు అడిగారు. ఆరేళ్లుగా ఇక్కడ ఉద్యోగం చేస్తున్నప్పటికీ, కల్యాణి డ్యాం పేరు కుళాయి నీళ్ల సందర్భంలో వినడమే తప్ప నేను ఒక్క జలాశయమూ చూడలేదు. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నందువల్ల ఎక్కువ నడక లేని చోటు అయితే మేలు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం (చంద్రగిరి నుంచి)

దగ్గరలో ఉన్నది కల్యాణి డ్యామే. స్వర్ణముఖికి ఉపనది అయిన కల్యాణి మీద, శేషాచలం కొండల పాదాన, రంగంపేట దాటాక 1977లో కట్టారు. శ్రీనివాసమంగాపురం మీదుగా వెళ్తే కల్యాణ వేంకటేశ్వరస్వామి దర్శనం కూడా అవుతుంది. అయితే ఇది తిరుపతికీ తిరుమలకూ తాగునీరిచ్చే జలాశయం కాబట్టి, అక్కడ నీటిలోకి దిగాలని, వంటలు చేసుకోవాలని అనుకోవద్దు. చుట్టూ ఉన్నది అడవి. పొద్దు వాలకముందే వెనక్కి బయలుదేరడం క్షేమం. బయలుదేరే ముందు లోపలికి అనుమతిస్తున్నారో లేదో కూడా కనుక్కోండి.

అమ్మగారి కోసం ఇంకొక మాట. తిరుమలలో పాపవినాశనం వెళ్లేవారు తీర్థంలో తల తడుపుకుని వచ్చేస్తారే గాని, పక్కనే ఉన్న డ్యాంను నిలబడి చూసేవారు తక్కువ. కొండ మీద గోగర్భం, ఆకాశగంగ, కుమారధార, పసుపుధార డ్యాములు కూడా ఉన్నాయి. అంత ఎత్తున, నది అన్నదే లేని చోట, ఆ కొండ వాగులను ఆపుకునే అన్ని వేల మందికి రోజూ నీళ్లు అందిస్తున్నారని పిల్లలకు చెప్పండి. పాపవినాశనం దాకా బస్సు వెళ్తుంది.

రెండో సమాధానం (పుత్తూరు నుంచి, నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను)

మీరు ఎంచుకున్న నెల సరైనదే. కృష్ణా, గోదావరి జలాశయాలు ఆగస్టులో నిండితే, మనవి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలకూ తుపాన్లకూ నిండుతాయి. మన నదులు పడమటి కనుమల్లో పుట్టినవి కావు, ఈ చుట్టుపక్కల కొండల్లో పడిన వానే వాటికి ఆధారం. అందుకే ఏప్రిల్‌లో వచ్చినవారు బీటలు వారిన అడుగు చూసి "ఇదేం డ్యాం" అని పెదవి విరుస్తారు.

నా సలహా పిచ్చాటూరు దగ్గర అరణి నది మీద ఉన్న అరణియార్ జలాశయం. పుత్తూరు, నారాయణవనం మీదుగా ఊత్తుకోటకు పోయే రోడ్డులోనే వస్తుంది. అక్కడి నుంచి అదే దారిలో ముందుకు సాగితే నాగలాపురంలో శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరిట కట్టించిన వేదనారాయణస్వామి ఆలయం, ఆ తరువాత అరణి ఒడ్డునే సురుటుపల్లిలో శివుడు శయనించి ఉండే పళ్లికొండేశ్వరాలయం ఉన్నాయి. ఒకే నదిని పట్టుకుని పగలంతా ప్రయాణించినట్టవుతుంది. గేట్లు ఎత్తిన రోజుల్లో మాత్రం వెళ్లవద్దు. దిగువన కాజ్‌వేలు మునుగుతాయి.

కార్వేటినగరం దగ్గరి కృష్ణాపురం జలాశయం చిన్నది, కానీ నాకు చాలా ఇష్టమైనది. దాని నుంచి వదిలిన కుశస్థలి నది నీరు పళ్లిపట్టు మీదుగా చెన్నైకి తాగునీరిచ్చే పూండి చెరువుకు చేరుతుంది. శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా తెలుగుగంగ కాలువలో వచ్చే కృష్ణా నీరు కూడా 1996 నుంచి ఆ పూండికే వెళ్తోంది. కార్వేటినగరం కొండల మీద కురిసిన వాన, ఎక్కడో మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ అక్కడ కలుస్తాయన్నమాట. 68 టీఎంసీల కండలేరు నిజంగా పెద్దదే, కానీ నెల్లూరు జిల్లాలో ఉన్న దానికి పిల్లలతో, పెద్దావిడతో ఒక్క పగలు చాలదు.

మూడో సమాధానం (రామచంద్రాపురం మండలం నుంచి)

డ్యాములే ఎందుకండీ, మా రాయలచెరువును చూపించండి. రెండు కొండల నడుమ కట్ట వేసి నిలిపిన చెరువు. రాయల కాలం నాటిదని మా పెద్దలు చెబుతారు. తూము (నీరు వదిలే ద్వారం), మొరవ (ఎక్కువైన నీరు పొర్లిపోయే చోటు), ఆయకట్టు (చెరువు నీటితో సాగయ్యే భూమి) అంటే ఏమిటో పిల్లలకు కళ్లెదుట చూపించవచ్చు.

2021 నవంబరు వానల్లో ఈ కట్టకు ఊట పడింది. అదే వారం చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయిన వార్త అప్పటికే విని ఉన్నాం కాబట్టి, కింది ఊళ్ల వాళ్లమంతా పిల్లలను, పశువులను తోలుకుని మెరకకు వెళ్లిపోయాం. మా మామగారు మాత్రం కట్ట కింద ఊరుతున్న నీటిని దోసిట పట్టి చూస్తూ నిలబడ్డారు. ఊట తేటగా వస్తున్నంతసేపు ఆశ ఉంటుందని, మట్టి కలిసి ఎర్రగా వస్తే కట్ట లోపల కరిగిపోతోందని అర్థమని ఆయన చెప్పారు. ఇసుక బస్తాలు వేసి కట్టను నిలబెట్టారు. ఇప్పటికీ నేను కట్ట మీదికి వెళ్తే మొదట నీటి మట్టం కాదు, కట్ట కింది తడి చూస్తాను.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ నమస్కారాలు. అమ్మగారిని దర్శనం రోజునే పాపవినాశనం తీసుకువెళ్తాం. మరునాడు ఉదయం నారాయణవనం, అరణియార్, నాగలాపురం, సురుటుపల్లి చూసుకుని, వెలుతురు ఉంటే తిరుగు ప్రయాణంలో రాయలచెరువు దగ్గర ఆగుతాం. కట్ట కింది తడిని పిల్లలకు తప్పకుండా చూపిస్తానమ్మా.