టేకు బీరువా మీద మీగడ రంగు వేశాక గోధుమ మరకలు తేలుతున్నాయి

ప్రశ్న: పాత టేకు బీరువా, మీద ఏదో పాలిష్ ఉండేది. పైపైన సాండ్ పేపర్ పట్టి, వాటర్ బేస్ ప్రైమర్, ఆపైన మీగడ రంగు అక్రిలిక్ రెండు కోటింగులు వేశాం. అక్కడక్కడ టీ మరకల్లా తేలాయి. పిడుల దగ్గర గోరు తగిలితే పొర లేచొస్తోంది. తలుపుల మీద లతలు వేయాలి. ఇంకో కోటింగ్ వేస్తే సరిపోతుందా?

జవాబు: ఎన్ని వేసినా ఆగదండీ. మరక టేకులోని రంగే, నీళ్ల ప్రైమర్‌లో నాని పైకొస్తుంది. పొర లేవడం వేరే గొడవ: కింద మిగిలిన పాలిష్, మైనం, చేతి జిడ్డు.

లేచినదంతా గీకేసి, కింద స్పిరిట్ దూది అద్ది చూడండి. జిగటగా కరిగితే లక్క పాలిష్. స్పిరిట్, నైలాన్ పీచుతో తీసేయొచ్చు. స్టీలు పీచు వద్దు, తునకలు ఇరుక్కుని నీళ్ల రంగు కింద తుప్పు చుక్కలవుతాయి. కరక్కపోతే 120 నంబరు పేపర్, తర్వాత 220, నార వెంబడే. థిన్నర్ గుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

ఇప్పుడు చపడా, అంటే లక్క రేకులు. మరక పైకి రాకుండా ఆపేది ఇదే. అర లీటరు స్పిరిట్‌కు 60 గ్రాములు. కరిగాక రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి, పైతేట మాత్రమే వంచుకోండి. అడుగున దిగిన మైనం కలిస్తే పైన నీళ్ల రంగు పట్టదు. పలుచగా రెండు కోటింగులు, మధ్యలో గంట విరామం. 320తో తేలిగ్గా రుద్ది ప్రైమర్ వేయండి. స్పిరిట్ పని పొయ్యి దగ్గర మాత్రం వద్దు.

ప్రశ్న: నిర్మల్ పనిలా నల్ల నేల మీద బంగారు లతలు వేస్తే ఈ బాధ తప్పుతుందా?

జవాబు: మరక కనపడదు, అంతే. ఊడేది ఊడుతుంది. నల్ల నేలైతే డిజైన్ దించడం సులువు: కాగితం మీద గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, గుడ్డలో కట్టిన సుద్దపొడి అద్దండి.

ఇంకొకరి జవాబు: లతల మీద మళ్లీ లక్క పాలిష్ వేయకండి. స్పిరిట్‌కు అక్రిలిక్ మెత్తబడి గీతలన్నీ పులుముకుపోతాయి. వాటర్ బేస్ పీయూ (పాలీయూరిథేన్) క్లియర్, అంటే రంగులేని వార్నిష్ వాడండి. మొదటి కోటింగ్‌లో బ్రష్ ఒకసారి నడిచిన చోట మళ్లీ నడపొద్దు. ఆరినట్టే అనిపించినా వారం పాటు తలుపులు తెరిచే ఉంచండి. ఈలోగా మూస్తే అంచు చట్రానికి అతుక్కుని, లాగినప్పుడు రంగు దానితోపాటే వస్తుంది.