సమస్య: కవుల దినమునాఁడు కవిత యలిగె

నిర్వాహకుడు (రాజమహేంద్రవరం), మార్చి 21, ఉదయం

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

కవుల దినమునాఁడు కవిత యలిగె

దీన్ని కదపకుండా, దీని ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూరించాలి. ఇవాళ ప్రపంచ కవితా దినోత్సవం. 1999లో ప్యారిస్‌లో జరిగిన యునెస్కో మహాసభ మార్చి 21ని ఇందుకు కేటాయించింది. అప్పుడు చెప్పుకున్న ఉద్దేశాల్లో నాకు బాగా నచ్చింది, కవిత్వాన్ని గొంతెత్తి వినిపించే పాత అలవాటుని మళ్ళీ తేవాలన్నది. మనకి అది కొత్త మాట కాదు. ఉగాది నాడు పంచాంగ శ్రవణం అయ్యాక కవిసమ్మేళనం పెట్టుకునే జాతి మనది. షడ్రుచుల పచ్చడి తిన్న నోటితోనే పద్యం వింటాం.

పోయిన ఏడాది ఇదే రోజున ఒక సభకి వెళ్ళాను. మూడు గంటలు కూర్చున్నాను. జ్యోతి వెలిగించారు, దండలు వేశారు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. నన్నయ పేరు చాలాసార్లు వినబడింది, ఆయన పద్యం ఒక్కటీ వినబడలేదు. గోదారి గట్టు మీదుగా ఇంటికి నడిచొస్తుంటే ఈ పాదం దానంతటదే నోట్లోకి వచ్చింది. అలిగింది ఎందుకో మీరు చెప్పండి.

అమలాపురం మాస్టారు

శాలువాలు కప్పి సన్మాన మొనరించి
మైకు వదలకుండ మాటలాడి
పద్యమొకటి యైనఁ బాడని సభలోన
కవుల దినమునాఁడు కవిత యలిగె

మీరు వెళ్ళిన సభకే నేనూ వెళ్ళానేమో అనిపించిందండి.

ద్రాక్షారామం పంతులు

భావం సూటిగా ఉంది మాస్టారూ. పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత అక్షరం పడాలి కదా, ఆ యతులు మూడూ చక్కగా కుదిరాయి. శా–స, మై–మా, ప–బా. అయితే మూడో పాదం చివర ఒక చిక్కుంది. ‘సభలోన’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ దాగి ఉన్న మాట. దాని తర్వాత ‘కవుల’ వస్తే ‘సభలోనఁ గవుల’ అవ్వాలి. సమస్య పాదాన్ని మనం కదపకూడదు కదా. కాబట్టి మూడో పాదాన్ని కళతో, అంటే ఆ ‘న్’ లేని మాటతో, ముగించాలి.

అమలాపురం మాస్టారు

నిజమే పంతులుగారూ, చూసుకోలేదు. ‘పద్యమొకటి యైనఁ బాడని సభఁ జూచి’ అంటే?

ద్రాక్షారామం పంతులు

బాగుంది. ‘చూచి’ క్త్వార్థకం (‘చేసి’, ‘వచ్చి’ లాంటి మాట), ద్రుతం బెడద లేదు. పైగా ఇప్పుడు అలకకి కర్త కూడా దొరికింది. కవిత వచ్చింది, చూసింది, అలిగింది. మీరు మొదట రాసిన దాంట్లో ఆవిడ సభలో ఉందో లేదో తెలియలేదు.

కడియం నర్సరీ

నమస్కారమండి. నేను మొక్కల తోటలో పని చేస్తాను. ఛందస్సు ఈ మధ్యనే మొదలుపెట్టాను. మొదటి పాదం ఇలా వచ్చింది: ‘కవులందరు కలిసి కవితలు చదువంగ’. సరిపోయిందా?

నిర్వాహకుడు

రండి రండి. ఆటవెలది బేసి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరిపాదంలో అయిదూ సూర్యగణాలే. సూర్యగణం అంటే మూడు లఘువులైనా ఉండాలి, గురువు తర్వాత లఘువైనా ఉండాలి. మీ ‘కవులం’ రెండు లఘువుల మీద గురువు అయింది, అక్కడ అడుగు తడబడింది. ‘కవులు కలిసి మెలిసి’ అనండి. మూడూ నగణాలు (మూడేసి లఘువులు), తాటాకు మీద వాన చినుకుల్లా పడతాయి. మిగతాది మీరు రాసినట్టే ఉంచండి.

ఇంకో మాట. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు 1870లో పుట్టింది మీ కడియంలోనే. ఆయన జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు 1872లో యండగండిలో పుట్టారు. సమస్య ఇస్తే సభలో నిలబడి, కాగితం ముట్టకుండా పూరించిన వాళ్ళు వాళ్ళు. ఆ ఊరి వాళ్ళు గణాలకి జంకకూడదు.

కడియం నర్సరీ (సాయంత్రం)

కవులు కలిసి మెలిసి కవితలు చదువంగ
వినెడి వారు లేక వెలితి యయ్యె
ఖాళి పీఠములనుఁ గన్నారఁ గని కుంది
కవుల దినమునాఁడు కవిత యలిగె

ద్రాక్షారామం పంతులు

మొదటి పద్యమంటే నమ్మలేకపోతున్నాను బాబూ. ‘ఖాళీ’ని ‘ఖాళి’గా కుదించడం ఒక్కటే కొరత, అది రెండో పద్యానికి మానుకోవచ్చు. ‘కన్నారఁ గని కుంది’ అన్న చోట పద్యం ఆగి ఊపిరి పీల్చుకుంది.

తణుకు నుంచి ఒక పాఠకురాలు

యతికి మాట విఱిచి యర్థమ్ముఁ జంపుచుఁ
బ్రాసకొఱకుఁ బదముఁ బట్టి వంచి
తప్పుఁ జూపఁ గినుకఁ దాల్చుచు నుండు కు
కవుల దినమునాఁడు కవిత యలిగె

నిర్వాహకుడు

అమ్మా, ఇది పూరణ! మూడో పాదం చివర ఒక్క ‘కు’ పెట్టి సమస్య ముడి విప్పేశారు. ‘కవుల దినం’ కాస్తా ‘కుకవుల దినం’ అయింది, ఇక కవిత అలగకపోతేనే వింత. సమస్య పాదంలో ఒక్క అక్షరం కదల్లేదు, యతి కూడా ‘క’ మీదే ఉంది. అవధాన సభల్లో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు ఎదురు చూసేది ఇలాంటి విరుపు కోసమే.

అమలాపురం మాస్టారు

చమత్కారానికి చప్పట్లు కొడుతూనే ఒక సందేహం. కుకవులకి ఒక దినం ఎవరు పెడతారండి? భావం కొంచెం కృత్రిమం కాలేదా?

తణుకు నుంచి ఒక పాఠకురాలు

మాస్టారూ, దినం పెట్టేవాళ్ళు కవులకనే పెడతారు. వేదిక మీదకి ఎవరు ఎక్కారన్నదే నా పద్యం.

లంక రైతు

దాళ్వా (రెండో పంట) చేను పాలు పోసుకుంటోంది. రాత్రి నీటి వంతు కోసం బోదె గట్టు మీద కూర్చుని రాశాను. తప్పులుంటే దిద్దండి.

ఏఁడు గడచువఱకు నెవ్వరుఁ దలఁపక
యొక్కనాఁడు పిలిచి యుత్సవముగఁ
జుట్టమట్లు చూడఁ జూపులు మరలించి
కవుల దినమునాఁడు కవిత యలిగె

ద్రాక్షారామం పంతులు

దిద్దడానికి ఏం లేదు. ‘ఏఁడు’కి ‘నెవ్వరు’తో యతి ఎలా కుదిరిందని కొత్తవారు అడగొచ్చు. ‘వఱకున్ + ఎవ్వరు’ కాబట్టి అక్కడ లోపలున్న అచ్చు ‘ఎ’. ఏ–ఎ స్వరమైత్రి సరిపోతుంది. ‘చుట్టమట్లు’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

నిర్వాహకుడు

నేనూ అక్కడే ఆగాను. ఇంట్లో తిరగాల్సిన పిల్లకి గుమ్మంలో కాళ్ళు కడిగి, కుర్చీ వేసి, ‘ఎప్పుడొచ్చారండీ’ అని అడిగితే ఎలా ఉంటుంది? మనం పద్యానికి చేస్తున్నది అదే.

స్కాట్లండు వాళ్ళు చేసేది చూడండి. తమ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టిన జనవరి 25న రాత్రి భోజనానికి కూర్చుంటారు. హాగిస్ అనే మాంసపు వంటకం బల్ల మీదకి రాగానే, దాని మీద ఆయన రాసిన కవితని ఒకరు లేచి గట్టిగా చదువుతారు. చదువుతూనే కత్తి దించుతారు. 1801లో ఆయన స్నేహితులు కొందరు కలిసి మొదలుపెట్టిన అలవాటు ఇది. అక్కడ కవిత చుట్టం కాదు, పంక్తిలో కూర్చుంది. ఆత్రేయపురం పూతరేకు పంచుతూ మనమూ ఒక పద్యం చదివితే ఎంత బాగుంటుంది!

నరసాపురం నుంచి

నాకు ‘దినము’ అన్న మాట వేరేగా వినబడిందండి. మా వైపు ‘ఫలానా ఆయన దినం ఎప్పుడు’ అంటే పెద్దకార్యం గురించే. అందుకని:

బ్రతికి యున్న నాఁడు పలుకరింపని వారు
పోయినంతఁ బొగడఁ బూనినారు
పటము చేసి కొలువఁ బ్రాణమ్ము వచ్చునా
కవుల దినమునాఁడు కవిత యలిగె

ద్రాక్షారామం పంతులు

సమస్యలో ఉన్న ఒక్క మాటకి మన ఊరి అర్థం పట్టుకుని పూరించడం నాకు అన్నిటికన్నా నచ్చింది. నిఘంటువులో దొరికే శ్లేష కాదు ఇది, వీధి అరుగు మీద దొరికేది.

నిర్వాహకుడు

పద్యం గుండెకి తగిలింది. కాని అందులోని వాదంతో పూర్తిగా ఏకీభవించలేను. పోర్చుగల్‌లో జాతీయ దినం జూన్ 10. అది కమోయిష్ అనే కవి 1580లో కన్నుమూసిన రోజు. యుద్ధం గెలిచిన రోజో రాజు పట్టాభిషేకం రోజో కాకుండా, ఒక కవి పోయిన రోజుని దేశమంతా తన పండగ చేసుకుంది. రష్యా వాళ్ళు తమ కవి పుష్కిన్ పుట్టిన జూన్ 6ని, హంగరీ వాళ్ళు తమ కవి యోజెఫ్ అట్టిలా పుట్టిన ఏప్రిల్ 11ని పట్టుకున్నారు. మనం గిడుగు రామమూర్తి గారు పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకున్నాం. పుట్టిన రోజైనా పోయిన రోజైనా తేడా లేదు. ఆ రోజు ఆ కవి మాట ఎవరి నోట్లో ఉందన్నదే లెక్క.

నరసాపురం నుంచి

ఒప్పుకుంటాను. కాని మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారి పద్యం ఒక్కటి ఈ జిల్లాల్లో ఎంతమంది పిల్లలకి నోటికి వచ్చో అడిగి చూడండి. అప్పుడు నా పద్యంలో కోపం ఎక్కడిదో తెలుస్తుంది.

నిర్వాహకుడు

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదండి. మా వీధి పిల్లల్ని రేపు అడుగుతాను.

ముమ్మిడివరం డిగ్రీ విద్యార్థిని

సార్, వాడుక భాషకి దగ్గరగా రాయొచ్చా? మా బామ్మకి పద్యాలు లెక్కలేనన్ని వచ్చు. బడికి వెళ్ళలేదు. వాళ్ళ నాన్న అరుగు మీద పిల్లలకి చెబుతుంటే, లోపల పిండి విసురుతూ విని నేర్చుకుంది. మా ఊళ్ళో కవితా దినోత్సవం చేశారు గాని ఎవరికీ ఆవిడ గుర్తు రాలేదు.

వేయి పద్యములను వినిపించు బామ్మను
మూల గదిని విడిచి, ముందు వరుస
పెద్దవారికెల్ల కుర్చీలు వేసిన
కవుల దినమునాఁడు కవిత యలిగె

నిర్వాహకుడు

రాయొచ్చమ్మా. గిడుగు వారు పోరాడింది నీలాంటి వాళ్ళు నోట్లో ఉన్న మాటతో రాయడం కోసమే. మూడో పాదంలో యతి ఒక్కటి తప్పింది. ‘పె’కి ‘కు’ కుదరదు. ‘కుర్చీలు’ తీసేసి ‘పీటలు’ పెట్టు. పె–పీ మైత్రి కుదురుతుంది, గణం కూడా నిలుస్తుంది. యతి కోసం పెట్టిన మాటే అయినా భావానికి మేలే చేసింది. ‘పెద్దపీట వేయడం’ అన్న జాతీయం పద్యం వెనక నుంచి వినబడుతుంది. ద్రుతం చూసుకుని ఇలా రాసుకో:

ముందు వరుసఁ
బెద్దవారికెల్లఁ బీటలు వేసిన

ఈ వారం వచ్చిన వాటిలో నేను ఇద్దరికి చదివి వినిపించింది ఈ పద్యమే.

తణుకు నుంచి ఒక పాఠకురాలు

‘మూల గదిని విడిచి’... ఆ గది నాకు తెలుసమ్మా. మా మామ్మది కూడా.

ముమ్మిడివరం డిగ్రీ విద్యార్థిని (రెండు రోజుల తర్వాత)

సార్, ఈ పద్యాలన్నీ బామ్మకి చదివి వినిపించాను. లంక రైతుగారి పద్యం మూడుసార్లు చదివించుకుంది. నా పద్యం విని ఏమీ అనలేదు, కళ్ళు తుడుచుకుంది. రెండు రాత్రులు వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటూ పడుకుంది. ఇవాళ పొద్దున్న కాఫీ తాగుతూ, రాసుకో అని ఇది చెప్పింది:

అలుక యన్నఁ గోప మది కాదు చనవమ్మ
పుట్టినింటి మీఁద ముద్దుబిడ్డ
కొక్క పద్యమైన నొప్పఁజెప్పవె యని
కవుల దినమునాఁడు కవిత యలిగె

రెండో పాదంలో ‘పు’కి ‘ము’ యతి చెల్లుతుందో లేదో మీ సారుని అడుగు, తప్పైతే మళ్ళీ కడతాను అంది.

నిర్వాహకుడు

చెల్లుతుందమ్మా. పు, ఫు, బు, భు, ము ఒకదానికొకటి చెల్లుతాయి. ఈ ఆదివారం పొద్దున్న పడవ రేవు దాటి మీ ఊరు వస్తాం. నేను, పంతులుగారు, కడియం తమ్ముడు. ఎన్ని పద్యాలు వస్తే అన్నీ వింటామని మీ బామ్మగారితో చెప్పు. కుర్చీలు వెయ్యక్కర్లేదు, చాప చాలు.