తేలికపాటి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు: నడపడంలో ఎం.జి.బి., స్పిట్‌ఫైర్, ఎలాన్‌లకు తేడా ఎక్కడ?

కాన్లీ_పక్కవీధి (ప్రశ్న)

నమస్కారం. 1960, 70 దశకాల్లో తయారైన, టాపు తీసి నడుపుకునే రెండు సీట్ల బ్రిటిష్ కారు ఒకటి కొనాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఉండేది కోవెంట్రీలో. ఎం.జి.బి., ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, లోటస్ ఎలాన్ మూడూ 1962లోనే వచ్చినా, ఈనాటి ధరల్లో ఎలాన్ మాత్రం మిగతా రెండింటికీ అందనంత ఎత్తున కూర్చుంది. అమ్మకపు ప్రకటనల్లో రంగు గురించి, క్రోమ్ మెరుపు గురించి పేజీలకొద్దీ రాస్తారు గానీ, నడిపేవాడి చేతులకు, నడుముకు ఏం తెలుస్తుందో ఒక్కరూ రాయరు. నాకు వేగంతో పెద్దగా పనిలేదు. వారాంతాల్లో కాట్స్‌వోల్డ్స్ కొండల వైపు ఇరుకు పల్లెదారుల్లో తిరగడానికీ, అప్పుడప్పుడు మోటర్‌వే మీద గంటసేపు ప్రయాణించడానికీ పనికివస్తే చాలు. బరువు తగ్గినంత మాత్రాన బండి నడపడానికి హాయిగా ఉంటుందా, లేక అసలు కిటుకు వేరే ఏదైనా ఉందా? వీటిని నడిపినవారు వివరంగా చెప్పగలరని మనవి.

బి_సిరీస్

నా దగ్గరున్నది ఎం.జి.బి. కనుక దాని గురించే చెబుతాను. మీరు చెప్పిన మూడింటిలో ఇదే బరువైనది; సుమారు 920 కిలోలు తూగుతుంది. దీని 1798 సీసీ ఇంజను మనవాళ్లకు మరీ పరాయిది కాదు. అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజనూ ఇదీ బి.ఎం.సి. (బ్రిటిష్ మోటర్ కార్పొరేషన్) వారి బి-సిరీస్ కుటుంబానికే చెందినవి. అందుకే దీన్ని గట్టిగా తిప్పి పరుగెత్తించాల్సిన పని ఉండదు. మూడో గేరులో నింపాదిగా వెళుతూ ఎత్తు వచ్చినా, యాక్సిలరేటర్ కాస్త నొక్కితే గేరు మార్చకుండానే ఎక్కేస్తుంది. గేరు రాడ్డు పొట్టిది, మణికట్టు తిప్పితే చాలు. 1967కు ముందరి బండ్లలో మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు పళ్ల వేగాలను కలిపి, రాపిడి లేకుండా గేరు పడేలా చేసే ఏర్పాటు) లేదు కాబట్టి, బండి పూర్తిగా ఆగిన తరువాతే మొదటి గేరు వేయడం అలవాటు చేసుకోవాలి.

దీని బలహీనత వెనుక ఉంది. వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి, కమాను పట్టీల మీద కూర్చోబెట్టారు. నున్నటి రోడ్డు మీద ఇబ్బందేమీ ఉండదు గానీ, మలుపు మధ్యలో గతుకు తగిలితే వెనుక భాగం మొత్తం ఒక్కసారి పక్కకు గెంతుతుంది. ప్రమాదమేమీ కాదు, నాలుగు మైళ్లు వెళ్లేసరికి అలవాటైపోతుంది. మోటర్‌వే మీద మాత్రం ఓవర్‌డ్రైవ్ ఉన్న బండికీ లేని బండికీ హస్తిమశకాంతరం తేడా ఉంటుంది. ఆ మీట వేయగానే ఇంజను వేగం దాదాపు అయిదో వంతు తగ్గి, పక్కవారితో మాట్లాడుకునే వీలు కలుగుతుంది. ఒక్క హెచ్చరిక: అమెరికా నిబంధనల కోసం 1974 చివరి నుంచి నల్ల రబ్బరు బంపర్లు పెట్టి, బండి ఎత్తు కూడా పెంచారు. ఆ బండ్లు మలుపుల్లో ఎక్కువగా ఒరుగుతాయి. ధర తక్కువగా కనిపించడానికి అదొక కారణం.

రబ్బరు_కీలు

బి_సిరీస్ గారు చెప్పినదంతా నిజమే గానీ, అసలు ప్రశ్నకు జవాబు ఎలాన్‌లోనే ఉంది. ఎలాన్ బరువు 700 కిలోల లోపే. అయితే తేలికగా ఉంది కాబట్టి గట్టి స్ప్రింగులు వేసి, గోకార్ట్ మాదిరిగా చేశారనుకుంటే పొరపాటు. లోటస్ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ చేసింది దానికి సరిగ్గా ఎదురు. బండి మధ్యలో వెన్నెముకలా ఒక ఉక్కు చట్రం పెట్టి, దానిమీద ఫైబర్‌గ్లాస్ బాడీ కూర్చోబెట్టారు. ఆ చట్రం మెలితిరగకుండా గట్టిగా ఉండబట్టే స్ప్రింగులను మెత్తగా, ఎక్కువ దూరం కదిలేలా ఉంచగలిగారు. అందువల్ల గతుకుల దారిలో చక్రాలు కిందా పైనా ఆడుతూనే ఉంటాయి, కూర్చున్నవారికి మాత్రం కుదుపు పెద్దగా తెలియదు. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, నాలుగింటికీ విడివిడి సస్పెన్షన్ ఉన్నాయి. టైర్లు చూస్తే ఈనాటి చిన్న కార్ల టైర్లకన్నా సన్నం. స్టీరింగ్ తేలికగా తిరుగుతూనే, టైరు ఎప్పుడు జారబోతోందో ముందుగానే వేళ్లకు చెబుతుంది. తమాషా ఏమిటంటే, ముందు చక్రాలను మోసే ముఖ్యభాగాలు ట్రయంఫ్ హెరాల్డ్ నుంచి తెచ్చినవే. అంటే గొప్పదనం సామానులో లేదు, అమర్చిన తీరులో ఉంది.

ఇక 1558 సీసీ ట్విన్ కామ్ (వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టులు రెండు ఉన్న) ఇంజను సుమారు 105 హార్స్‌పవర్ ఇస్తుంది. కింద ఫోర్డ్ బ్లాకు, పైన ఇంజనీరు హ్యారీ మండీ గీసిన సిలిండర్ హెడ్డు. ఎం.జి.బి. ఇంజను ఇక చాలనుకునేంత వేగంగా తిరిగేచోట ఇది పాట అందుకుంటుంది.

ఒక చిక్కు మాత్రం మొదటి సిగ్నల్ దగ్గరే ఎదురవుతుంది. ఇంజను శక్తిని వెనుక చక్రాలకు చేర్చే షాఫ్టుల్లో రోటోఫ్లెక్స్ అనే లావుపాటి రబ్బరు కీళ్లు ఉంటాయి. క్లచ్ మొరటుగా వదిలితే ఆ రబ్బరు ముందు మెలితిరిగి, ఆ తరువాత విడుచుకుంటుంది. బండి రెండు మూడు సార్లు ముందుకూ వెనక్కూ ఊగి, చూసేవారికి మీరు నిన్ననే లైసెన్సు తీసుకున్నారేమో అనిపిస్తుంది. క్లచ్‌ను తాపీగా వదలడం నేర్చుకున్నాక ఆ ఊపు పోతుంది. చాలామంది యజమానులు రబ్బరు తీసేసి వేరే రకం కీళ్ల షాఫ్టులు వేయించుకున్నారు. నేను వేయించలేదు, ఆ రబ్బరు వల్ల గేరు మారినప్పుడు వచ్చే మెత్తదనం నాకు ఇష్టం.

కప్పకళ్లు

అందరూ ఇంజను సైజుల గురించి మాట్లాడుతున్నారు. 1958 నాటి ఆస్టిన్-హీలీ స్ప్రైట్ ఇంజను 948 సీసీ, శక్తి 43 హార్స్‌పవర్, అంతే. బయట తలుపు పిడులు లేవు, డిక్కీకి మూత లేదు; సామాను సీట్ల వెనుక నుంచి దూర్చాలి. అయినా గంటకు 40 మైళ్ల వేగంలో, రెండు పక్కలా కంచెలున్న పల్లెదారిలో, దీన్ని మించిన ఆనందం ఇచ్చే బండి నాకు తెలియదు. స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి రెండున్నర చుట్లు కూడా తిరగదు. బండి ఒరిగినప్పుడు వెనుక ఇరుసు తానే కాస్త మలుపులోకి తిరిగేలా అమరి ఉండడం వల్ల, మనం తిప్పేలోపే తానే తిరిగినట్టు ఉంటుంది. ఎలాన్‌లో అంతే ఆనందం ఇచ్చే వేగం అందుకోవాలంటే లైసెన్సు మీద ఆశ వదులుకోవాలి. అదే పంథాలో, కాస్త సౌకర్యంతో కావాలంటే ఎం.జి. మిడ్జెట్ చూడండి. అయితే మీరు ఆరడుగుల మనిషైతే ముందు కూర్చుని చూసి, ఆ తరువాతే ధర మాట్లాడండి.

కాన్లీ_పక్కవీధి

అందరికీ ధన్యవాదాలు. ఎలాన్ నా తాహతుకు మించినది, స్ప్రైట్‌తో మోటర్‌వే ఎక్కే ధైర్యం నాకు లేదు. స్పిట్‌ఫైర్ గురించి ఎవరూ చెప్పలేదు. ఆ బండ్లు తయారైన కర్మాగారం మా ఇంటి దగ్గరే ఉండేది కాబట్టి దాని మీద కొంచెం అభిమానం కూడా ఉంది. మలుపులో వెనుక భాగం ఉన్నట్టుండి జారిపోతుందని అంటారే, అది నిజమేనా?

హెరాల్డ్_మనవడు

నిజమే, కానీ అన్ని స్పిట్‌ఫైర్లకూ వర్తించదు. స్పిట్‌ఫైర్ పునాది హెరాల్డ్. మద్రాసులో స్టాండర్డ్ వారు తయారుచేసిన హెరాల్డ్ మన ఊళ్లలో తిరిగిందే. వెనుక ఇరుసు రెండు ముక్కలుగా ఉండి, ఒక్కో ముక్క మధ్యలోని డిఫరెన్షియల్ (ఇంజను శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) దగ్గర మడతపడుతుంది. మలుపులో వేగంగా వెళుతూ, భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలారనుకోండి: బరువు ముందుకు వెళ్లి, వెనుక భాగం పైకి లేస్తుంది. అప్పుడు బయటి చక్రం కాలు ముడిచినట్టు లోపలికి మడతపడి, టైరు అంచు మీద నిలబడుతుంది. పట్టు పోయేది అక్కడే. మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, లోపల యాక్సిలరేటర్‌ను నిలకడగా పట్టుకునేవారికి ఇది అనుభవంలోకి రాదు. పైగా 1970 చివర్లో వచ్చిన మార్క్ 4 నుంచి కమాను కట్టలోని పట్టీలు చాలావరకు మధ్యలో ఊగేలా మార్చి, ఈ స్వభావాన్ని బాగా తగ్గించారు. మీ అవసరానికి మార్క్ 4 గానీ, 1974 చివర్లో వచ్చిన 1500 గానీ సరిపోతుంది, అదీ ఓవర్‌డ్రైవ్ ఉన్నది.

ఎం.జి.బి.తో పోలిస్తే చట్రం కాస్త మెలితిరుగుతుంది. గతుకుల మీద తలుపులు కిర్రుమంటాయి. బదులుగా 7 మీటర్లకు కాస్త ఎక్కువ వలయంలోనే పూర్తిగా తిరిగే వెసులుబాటు దీనికి ఉంది. ఇరుకు దారిలో దారి తప్పినప్పుడు దీని విలువ తెలుస్తుంది. బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది కాబట్టి, ముందు టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు.

బండి చూడడానికి వెళ్లినప్పుడు ఒక పరీక్ష తప్పక చేయండి. ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, ఒకరిని క్లచ్ నొక్కి వదలమని చెప్పి, మీరు ఇంజను ముందు భాగంలోని క్రాంక్ పుల్లీని గమనించండి. అది కంటికి తెలిసేంతగా ముందుకూ వెనక్కూ కదిలితే క్రాంక్ షాఫ్టును పట్టి ఉంచే థ్రస్ట్ వాషర్లు అరిగిపోయాయని అర్థం. పూర్తిగా ఊడి కింద పడితే బ్లాకే పాడవుతుంది. కదలిక కనిపిస్తే, పెయింటు ఎంత మెరిసినా సరే, బేరం ఆడకుండా వచ్చేయండి.