హార్స్ చెస్ట్‌నట్ ఆకు తొలిచే చిమ్మట పరాయిదా, ఆ చెట్టుకు పాత చుట్టమా? రాలిన ఆకులు ఊడ్చాలా, వద్దా?

చెట్టునీడ:
జర్మనీలో మేముండే ఇంటి ముందు పెద్ద హార్స్ చెస్ట్‌నట్ చెట్టుంది. జులై వచ్చేసరికి కింది కొమ్మల ఆకులన్నీ గోధుమరంగుకు తిరిగాయి. ఇప్పుడు ఆగస్టు, అప్పుడే రాలిపోతున్నాయి. మా భవనంలో కొందరు "ఇది చచ్చిపోయే చెట్టు, కొట్టించేద్దాం" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. నిన్న ఒక ఆకు తెంపి ఎండకు ఎదురుగా పట్టి చూశాను. ఈనెకూ ఈనెకూ మధ్య ఉన్న గోధుమరంగు మచ్చలో, పై పొరకీ కింది పొరకీ నడుమ, అప్పడంలా చదునైన బుల్లి పురుగు మెల్లగా మెదులుతోంది. దాని పక్కనే నల్లటి పెంట చుక్కలు. ఒక్క ఆకులో అలాంటి మచ్చలు అరవై దాకా లెక్కపెట్టి ఆపేశాను. ఇది కామెరేరియా ఓహ్రిడెల్లా అనే చిమ్మట పిల్ల అని తర్వాత తెలిసింది. ఇది ఎక్కణ్ణుంచో వచ్చి పడ్డ పురుగా? రాలిన ఆకులన్నీ ఊడ్చేస్తే తగ్గుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లరేగడి:
ముందు ఆ గొడ్డలి ఆపించండి. ఈ పురుగు వల్ల ఎదిగిన చెట్టు చచ్చిపోవడం ఉండదు. ఆకు సగం ఎండినా వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. గింజలు చిన్నవవుతాయి, అంతే.

ఇక ఇది వచ్చిపడ్డ పురుగే, సందేహం అక్కర్లేదు. 1984లో మాసిడోనియాలో ఓహ్రిడ్ సరస్సు దగ్గర మొదటిసారి కంటబడింది, 1986లో శాస్త్రీయంగా పేరు పెట్టారు, ఆ సరస్సు పేరే. 1989కి ఆస్ట్రియాలో తేలింది. 2002లో లండన్ వింబుల్డన్‌లో. ఇంత చిన్న ప్రాణి సొంత రెక్కలతో అంత దూరం ఎగరలేదు, కార్లూ లారీలూ మోసుకొచ్చాయి.

ఊడ్చడం మాత్రం తప్పనిసరి. ఏడాదికి మామూలుగా మూడు తరాలు వస్తాయి. ఆఖరి తరం ప్యూపా దశలో, అంటే పురుగు చిమ్మటగా మారే ముందు కదలకుండా ఉండే దశలో, రాలిన ఆకు లోపలే చలికాలం గడుపుతుంది. మైనస్ 20 డిగ్రీల చలికి కూడా చావదు. ఏప్రిల్‌లో బయటికొచ్చి మళ్లీ అదే చెట్టెక్కుతుంది. అంటే వచ్చే ఏటి పురుగంతా ఈ ఏడు మీ కాళ్ల కిందున్న ఆకుల్లోనే ఉంది. శరదృతువులో ఒక్క ఆకు మిగలకుండా ఊడ్చి తీసేయండి.

పాతకాగితం:
నల్లరేగడి గారూ, "సందేహం అక్కర్లేదు" అన్నమాట దగ్గర ఆగుతాను. 1984 అనేది మనిషి గుర్తించిన సంవత్సరం మాత్రమే. చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా ఆసియా నుంచో అమెరికా నుంచో వచ్చి ఉంటుందనుకున్నారు, ఎందుకంటే ఈ జాతి చుట్టాలు ఎక్కువగా అక్కడివే. 2011లో ఒక పరిశోధక బృందం పాత హెర్బేరియంలు తెరిచి చూసింది. వంద, నూటయాభై ఏళ్ల క్రితం వృక్షశాస్త్రజ్ఞులు కొండల్లో కోసి కాగితాల మధ్య అదిమిపెట్టిన హార్స్ చెస్ట్‌నట్ ఆకులవి. వాటిలో గ్రీస్‌లో 1879లో సేకరించిన ఆకులో ఇదే మచ్చ, లోపల ఎండిపోయిన ఇదే పురుగు! దాని డీఎన్ఏ తీసి పోల్చారు కూడా. ఆకు కోసినవాళ్లకి తాము పురుగును కూడా దాచిపెడుతున్నామని తెలియదు. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

చెట్టు సంగతీ చూడండి. హార్స్ చెస్ట్‌నట్ పుట్టిల్లు గ్రీస్, అల్బేనియా, మాసిడోనియా కొండలోయలు. దాన్ని 1576లో క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు వియన్నాకు తెప్పించి నాటించాడు. అక్కణ్ణుంచి యూరప్ అంతా తోటల్లోకీ వీధుల్లోకీ పాకింది. కాబట్టి జర్మనీ వీధిలో పరాయిది ముందు చెట్టు. పురుగు దాని పుట్టింటి మనిషి, నాలుగొందల ఏళ్లు ఆలస్యంగా వెతుక్కుంటూ వచ్చింది. దాన్ని శత్రువు అనడం నాకు నచ్చదు.

నల్లరేగడి:
1879 ఆకు సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. బాల్కన్ కొండల్లో అది పాతకాపే. కానీ అక్కడ పాతకాపయినంత మాత్రాన ఇక్కడ చేసే నష్టం నష్టం కాకపోదు. కొండలోయలో చెట్లు అక్కడొకటి అక్కడొకటి, చుట్టూ వేరే జాతులు. ఇక్కడ వీధి పొడవునా ఒకే చెట్టు, కొమ్మకు కొమ్మ తగిలేలా. పురుగుకు ఇంతకంటే ఏం కావాలి?

గూడు:
మీరిద్దరూ వదిలేసిన ముచ్చట ఒకటుంది. ఆ ఆకుల్లో పురుగొక్కటే లేదు, దాన్ని తినే బుల్లి కందిరీగలు కూడా ఉన్నాయి. ఇవి చిమ్మట పిల్ల మీద గుడ్డు పెడతాయి, వాటి పిల్లలు దాన్నే తిని పెరిగి, అదే ఆకులో చలికాలం గడుపుతాయి. ఊడ్చి కాల్చేస్తే వాటినీ కాల్చేసినట్టే. బ్లూ టిట్ పిట్టలు ఆకు చీల్చి పురుగుల్ని ఏరుకు తినడం నేను కళ్లారా చూశాను. కాస్త ఓపిక పడితే ప్రకృతే సర్దుకుంటుంది. ఊడ్చకండి.

నల్లరేగడి:
గూడు గారూ, పిట్టల మాట నిజం. కందిరీగల మాటా నిజమే గానీ లెక్క తేలదు. యూరప్‌లో కొత్తగా అలవాటుపడ్డ ఈ కందిరీగలు ఈ ఒక్క పురుగునే నమ్ముకున్నవి కావు. వసంతంలో చిమ్మట పిల్లలు తయారు కావడానికి వారాల ముందే బయటికొచ్చేస్తాయి. అప్పటికి వాటికి ఇక్కడ తిండి ఉండదు, వేరే మొక్కల మీది పురుగుల్ని వెతుక్కుంటూ పోతాయి. ఈ పురుగుల్లో వాటికి దొరికేవి కొద్దిపాటే. ముప్పై ఏళ్లకు పైగా ఓపిక పట్టాం కదండీ.

చెట్టునీడ:
ఈ ఉదయం భూతద్దం పట్టుకుని వెళ్లాను. కాండం మీద బెరడు పగుళ్లలో కూర్చున్నాయి పెద్ద చిమ్మటలు. పెద్దవి అంటే పొడవు 5 మిల్లీమీటర్లు, బియ్యపు గింజకంటే పొట్టివి. ఉత్తి కంటికి నూగు పడ్డట్టుంటుంది. అద్దంలో చూస్తే మాత్రం ముందు రెక్కలు మెరిసే ఇటుకరంగు, వాటి మీద అడ్డంగా వెండిలాంటి తెల్ల చారలు, ఒక్కో చారకు సన్నటి నల్ల అంచు. నేతచీర పమిటలా ఉంది. వెనక అంచున దూదిలాంటి కుచ్చు. తల మీద నారింజరంగు జుట్టు. అంత అందమైనదని అనుకోలేదు. దాన్ని చూశాక ఊడ్చడానికి చెయ్యి కాస్త వెనకాడుతోంది, నిజం చెప్తున్నాను.

ఒక మాట, మందు ఇంజెక్షన్ సంగతేంటి? చెట్టు కాండంలోకి ఎక్కిస్తారట.

నల్లరేగడి:
పురుగు తగ్గుతుంది. కానీ ప్రతిసారీ కాండానికి గాయం, ఆ గాయంలోంచి కుళ్లు. పైగా ఈ పూలకు తేనెటీగలు విరగబడి వస్తాయి. నేనైతే చెయ్యను. ఆడ చిమ్మట వాసనతో మగవాటిని పట్టే లింగాకర్షక బుట్టలు పురుగు ఎంతుందో చూసుకోవడానికి పనికొస్తాయి, తగ్గించడానికి చాలవు. కొత్తగా నాటేవాళ్లుంటే ఎర్రపూల రకం నాటమనండి, దాని ఆకులో ఈ పిల్లలు బతకడం కష్టం.

పాతకాగితం:
పాతకాపు అన్నానని వదిలేయమనడం లేదు నేను. నిజమైన బెంగ ఆ కొండల్లో ఉంది. యూరప్ చెట్ల ఎర్ర జాబితాలో 2019లో హార్స్ చెస్ట్‌నట్‌ను ముప్పున్న జాతుల్లో చేర్చారు. పుట్టింట్లో మిగిలిన గుంపులే కొద్ది. వీధిలో ఊడ్చగలం, కొండలోయలో ఎవరు ఊడుస్తారు? ఊళ్లలో పెరిగిన పురుగు మళ్లీ కొండల మీదికి పోతే ఆ చెట్లు కోలుకోవడం కష్టం. అందుకే చెట్టునీడ గారూ, వెనకాడకుండా ఊడ్చండి.

గూడు:
ఒక మధ్యేమార్గం చెప్పనా? ఆకులన్నీ పీపాలో వేసి, మూతికి సన్నటి వల బిగించండి. కంతలు కందిరీగ దూరేంత, చిమ్మట దూరలేనంత ఉండాలి. ఇలా పరిశోధకులు చేసి చూశారు. దీనివల్ల పురుగు అమాంతం తగ్గిపోతుందని నేననను. కందిరీగలైనా బతుకుతాయి.

చెట్టునీడ:
భవనంవాళ్లతో మాట్లాడాను. ఆకు ఎండకు పట్టి వాళ్లకీ చూపించాను. ఒక పెద్దాయన నా చేతిలోంచి అద్దం తీసుకుని చాలాసేపు వదల్లేదు. చెట్టు కొట్టే మాట వచ్చే వసంతం దాకా పక్కన పెట్టారు. అక్టోబరు నుంచి ప్రతి శనివారం నేనూ మరో ఇద్దరం ఊడుస్తాం. ఎక్కువ భాగం బాగా వేడెక్కే పెద్ద కంపోస్టుకు పంపుతాం. ఒక్క పీపా మాత్రం గూడు గారు చెప్పినట్టు వల బిగించి చెట్టు కిందే పెడతాను. ఏ కొలత వల కొనాలో కాస్త చెప్పండి.